మమ్మాస్ వెన్నకుండ

ప్రియమైన రఖియాకు,

నా పేరు తూద. పోయిన మీ నాన్న హద్దూకు పెద్ద పెళ్లాన్ని. వయసు డెబ్బై ఆరో, ఎనిమిదో. ఇంట్లో నేను, మొగుడు పోయి తిరిగొచ్చిన నా కూతురు ఫాద్మా, పదకొండు మేకలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మసీదు పంతులు బెనాసర్ రాస్తున్నాడు; ముందు నేనెవరో చెప్పుకోవాలన్నాడు.

నీ కూతురు హ్నియా సంబంధం ఆగిందని తెలిసింది. పెళ్లికొడుకు నాయనమ్మది మన లోయేనట. "ఆ పిల్ల అమ్మమ్మ పాతిపెట్టిన వెన్నకే పురుగు పట్టింది, ఆ చేతి సంతు మాకొద్దు" అందట. ఆ ముసలిదానికి నోరు తప్ప ఏం మిగిలింది కనుక. ఆడపిల్ల పుట్టిన రోజు ఉప్పు కలిపి పాతిన వెన్నకుండ పెళ్లికి తీసేసరికి మగ్గి ఘుమఘుమలాడాలి. నీ పెళ్లికి తీసింది అలా లేదు. మట్టిలో ఏం జరుగుతుందో ఎవరు చూశారు? నన్నడిగి లాభం లేదు. పిల్లను ఏడవనివ్వకు.

నీ పెద్దమ్మ,
తూద

ప్రియమైన పెద్దమ్మకు,

నేను నిన్నేమీ అడగలేదు. అడగకముందే జవాబెందుకు చెప్పావు?

ఇక్కడ కెనిత్రా పట్నంలో, ఫ్యాక్టరీలో నా పని ఏమిటో నీకెప్పుడూ చెప్పలేదు. పాత వెన్నకు ఆ ఘాటునిచ్చే ఆమ్లం మాకు పీపాల్లో వస్తుంది. బ్యూటిరిక్ అంటారు. దాన్ని కోళ్ల దాణాలో కలుపుతాం. పక్క షెడ్డులో దానికే స్పిరిట్ చేర్చి కాచి, మిఠాయిలకు అనాసపండు వాసన తీస్తారు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. "ఏం రఖియా, పెళ్లివిందు మూటగట్టుకొస్తున్నావా" అంటాడు కండక్టరు.

పదేళ్లుగా ఆ వాసనలోనే ఉన్నాను. మగ్గిన వెన్న వేరు, కుళ్లిన వెన్న వేరు. నా పెళ్లిలో తెరిచిన కుండ కుళ్లింది; ఉప్పు చాల్లేదు. మా అమ్మ ఉప్పు దగ్గర పిసినారి కాదు. ఆమె రొట్టె తింటే బావి ఖాళీ అవుతుందని నువ్వే వెక్కిరించేదానివి. అంతకు ముందేడాది ఫాద్మా అక్క పెళ్లిలో తిన్న వెన్న ఇంకా నా నాలుక మీదే ఉంది.

పెద్దమ్మా, అది ఎవరి కుండ?

రఖియా

ప్రియమైన రఖియాకు,

దీన్ని పెళ్లివారందరి ముందు గట్టిగా చదివించు.

ఫాద్మా పెళ్లికి వారం ముందు నా కుండ తవ్వాను. మూత తీస్తే పురుగు. ఉప్పు కోసం మళ్లీ కొండ దాటాలా, ఇది చాల్లే అని పాతిన చెయ్యి నాదే. సిగ్గేసింది. పక్క గోతిలో నా సవతి, మీ అమ్మ మమ్మాస్ నీకోసం పాతిన కుండ ఉంది. ఆమె పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. దాన్ని తీసి ఫాద్మా విందులో వడ్డించాను. అందరూ నా చేతిని ముద్దుపెట్టుకున్నారు, పెట్టనిచ్చాను. నా కుండకు మూత బిగించి మమ్మాస్ గోతిలో దించాను. ఏడాది తిరిగాక నీ పెళ్లిలో అదే తీసి, "చూడండి దాని చెయ్యి" అన్నాను. నా తప్పు నోరు లేనిదానిమీద వేశాను. నీకు ఏ పూటా తిండి తక్కువ చేయలేదు. అది దీనికి చెల్లు కాదు. క్షమించమని నిన్ను అడగను. అడగాల్సింది ఆమెను.

"కాస్త మెత్తగా రాయనా" అన్నాడు బెనాసర్. "కలం నీది, నోరు నాది, రాయి" అన్నాను.

"ముప్పై ఏళ్లుగా ఆ కుండ పేరు చెప్పుకునే తలెత్తుకు తిరిగాను. ఇప్పుడు దించుతావా అమ్మా" అంది ఫాద్మా.

"దించుతాను. కూర్చో" అన్నాను.

చాలాసేపు ఏడ్చింది. తరువాత సాక్షిగా ముద్ర వేస్తానని సిరా తనే అడిగింది.

తూద బొటనవేలి ముద్ర.

సాక్షులు: బెనాసర్, రాసినవాడు.
ఇజ్జా, పొరుగింటిది.
ఫాద్మా, మమ్మాస్ వెన్నతో పెళ్లి జరిగినది.