కడుపు మీద నల్ల గీత

బిలాస్‌పూర్, 1987 ఆగస్టు, ఆదివారం

పోయినసారి మూడో నెలలోనే గర్భం పోయింది. ఆ భయంతో ఈసారి ఐదో నెల వచ్చినా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పకుండా కొంగు కప్పుకునే తిరుగుతున్నాను. పొద్దున స్నానం చేస్తుంటే కడుపు మధ్యన నిలువుగా నల్ల గీత కనిపించింది. కంగారుగా అత్తయ్యను పిలిచాను.

"ఏటమ్మా, దీనికే బెదిరిపోయావా? మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇలాగే వచ్చింది. కానుపయ్యాక అదే పోతాది" అని నవ్వింది.

సాయంత్రం బిగుతైన జాకెట్లు వదులు చేయించడానికి సదర్ బజార్ వెళ్లాం. పక్క క్వార్టర్ పిన్నిగారు ఎదురై, "అచ్ఛా, ఏటైనా విశేషమా?" అని అడిగారు.

"ఐదో నెల పిన్నిగారూ" అన్నాను, తల ఎత్తి.

దిష్టి తగులుతుందేమోనని ఇప్పుడు గుబులుగానే ఉంది. అత్తయ్య మాత్రం ఇంటికి వచ్చేలోపు దారిలో కనిపించిన వాళ్లందరికీ తనే చెప్పింది. వద్దనాలనిపించలేదు...