రొట్టె మీది మాట

కోట్‌బుస్, 4 మార్చి 2005

ప్రియమైన అమ్మమ్మకు,

ఫోన్లో అడిగితే పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. జర్మనీ అంతా పొద్దున్నే రొట్టె మీద రాసుకునే పెరుగుముద్ద ఉంది చూడు, క్వార్క్, ఆ మాట మనదేనట! ఈ జర్మన్ల నడుమ గుప్పెడుమందిమి మిగిలిన మన సోర్బుల ‘త్వరోగ్’ నుంచే జర్మన్లు తీసుకున్నారని నిఘంటువులో చూశాను. మా పాప లెంకాను సోర్బు మాట్లాడే పిల్లల బడిలో వేస్తున్నాను. ఇంట్లో దానితో మన భాష మాట్లాడటానికి నువ్వు తప్ప ఎవరున్నారు? ఆదివారాలు రాకూడదూ?

నీ డోరీన్

డిసెన్, 9 మార్చి

చిట్టితల్లి డోరీన్‌కు,

ముప్పై ఏళ్లు జర్మన్ పాఠాలు చెప్పినదానికి క్వార్క్ పుట్టుక నేర్పుతున్నావా? వాళ్లు మన మాటను ఆరేడు వందల ఏళ్లుగా తింటున్నారు. దాన్ని పలికిన పిల్లల్ని మాత్రం బడిలో గోడవైపు తిప్పి నిలబెట్టారు. నేనూ నిలబడ్డాను. అందుకే మీ అమ్మ ఇంగ్రిడ్ చెవిన ఒక్క సోర్బు ముక్క పడనివ్వలేదు. నా భాషంతా ఆవుతోనే మాట్లాడుకున్నాను. ఆవును బడికి పంపం గదా.

కన్నబిడ్డకు ఇవ్వనిది దాని మనవరాలికి ఏ మొహంతో ఇవ్వను? రాను. పక్కింటివాళ్ల కారులో క్వార్క్ పంపుతున్నాను. ఉడికించిన బంగాళదుంపలతో, అవిసె నూనె వేసుకుని తినండి.

అమ్మమ్మ

కోట్‌బుస్, 15 మార్చి

బంగారు అమ్మమ్మకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. విని, “మా అమ్మ పశువుల కొట్టం తలుపు వేసుకునేది గానీ, గోడపలకలకు సందులుండేవి,” అంది.

చిన్నప్పుడు రోజూ నువ్వు పాలు పితికే వేళకు గోడ అవతల కూర్చునేదట. తాతయ్య మీద నీ ఫిర్యాదులూ, స్కూలు ఇన్‌స్పెక్టరుకు పెట్టిన శాపనార్థాలూ అన్నీ వినేదట. తెలిస్తే నువ్వు అక్కడ కూడా మానేస్తావని భయపడి నోరు విప్పలేదట. నిన్న లెంకాకు నీళ్లు పోస్తూ మన భాషలో కబుర్లు చెప్పింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

“మా అమ్మకు నా కృతజ్ఞతలని రాయి. నేను చెబితే తిడుతుంది,” అంది.

నీ డోరీన్

డిసెన్, 18 మార్చి

నా డోరీన్‌కు,

ఎంత దొంగ మీ అమ్మ! దానికేమీ ఇవ్వలేదని యాభై ఏళ్లు కుమిలాను. చెబితే ఏం పోయేది?

ఆ ఇన్‌స్పెక్టరు మీద అన్నవి పసిదాని ముందు అనొద్దని చెప్పు. ఆవు దగ్గర నేనేం మర్యాదలు పాటించలేదు.

మీ అమ్మకు నేనూ రుణపడ్డాను. ఆ మాట కాగితం మీద రాయను, వచ్చి చెబుతాను. ఆదివారం తొమ్మిదింటి బస్సుకు బయలుదేరుతున్నాను. ఇంగ్రిడ్‌ను స్టాపు దగ్గరికి పంపు. దిగగానే దాన్ని ఏ భాషలో పలకరించాలో నాకు తోచడం లేదు. ముందు దాన్నే పలకరించమను.

మీ అమ్మమ్మ లీజా