మూడు మూరల తోక

అన్నయ్యకి,

చెల్లి పికున్ నమస్కరించి రాస్తున్నది. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ వేళకింత తిని ఒళ్ళు చూసుకుంటున్నావనే నమ్మకంతో ఉన్నాం. అక్షరాలు కోడి గీకినట్టున్నాయని విసుక్కోకు. కుడి మణికట్టు విరిగి కట్టులో ఉంది, ఎడమ చేత్తో రాస్తున్నాను. ఎలా విరిగిందో చెబుతాను. ముందు నువ్వడిగినవి.

జువ్వల పాక వానకి తట్టుకుంది. పడమటి వైపు రేకొకటి లేచిపోతే నేనే ఎక్కి మేకులు కొట్టాను. అమ్మ మోకాలు అలాగే ఉంది. అయినా తెల్లారేసరికి జిగురన్నం వండుకుని భిక్షువుల కోసం వాకిట్లో కూర్చుంటుంది. తావీ వాళ్ళింటికి వెళ్తున్నావా అన్నావు. వెళ్తున్నాను. కొడుకు పోయిన ఆ తల్లి నాకు మంచినీళ్ళిస్తుంది. తావీ వాళ్ళన్న ప్రయూన్ మాత్రం నన్ను చూడగానే పెరటిదారిన వెళ్ళిపోతాడు.

ఇక నీ అసలు ప్రశ్న. ప్రతి ఉత్తరంలోనూ అదే. జువ్వలో కూరిన మందులో తప్పెక్కడ జరిగింది? సూరేకారం ఎక్కువైందా, బొగ్గు చెమ్మగిల్లిందా, కూరడంలో సందు మిగిలిందా? రెండేళ్ళుగా జైల్లో ఆ పన్నెండు కిలోల మందునీ మనసులో మళ్ళీ మళ్ళీ నూరుకుంటున్నావు. అన్నయ్యా, మందులో ఏ తప్పూ లేదు.

నేను ఊడ్చే బడిలో నిపా టీచర్ పిల్లల చేత కంప్యూటర్లో ఒక ఆట ఆడిస్తుంది. రాకెట్‌ని ముక్కముక్కగా మనమే కూర్చుకుని ఎగరేయాలి. చేతనైతే భూమి చుట్టూ తిప్పాలి. చీపురు పట్టుకుని నిలబడి చూస్తుంటే ఆవిడే పిలిచింది. "జువ్వలవాళ్ళ ఆడపడుచువి, అలా చూస్తావేం పికునక్కా? కూర్చో, మాకే నాలుగు ముక్కలు నేర్పుదువుగాని."

ఏం నేర్పుతాను! మొదటి వారమంతా నా రాకెట్లు పైకి లేచి, తల తిప్పి, నడుం విరిగి నేలని గుద్దుకున్నాయి. పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు. అప్పుడు టీచర్ తెర మీద రెండు గుండ్లు చూపించింది.

"ఈ పసుపు గుండు ఉందే, బరువంతా తూగేది ఇక్కడ. ఈ నీలం గుండు దగ్గర గాలి నెడుతుంది. నీలం ఎప్పుడూ పసుపు వెనకాలే ఉండాలి. ముందుకొచ్చిందనుకో, గాలి దాని మెడ పట్టుకుని తిప్పేస్తుంది."

బరువు తలలో పెట్టాను, రెక్కలు అడుగుకి దించాను. నిటారుగా లేచి నల్లటి ఆకాశం దాకా వెళ్ళింది. ఆ నెలలోనే భూమి చుట్టూ తిప్పాను. పిల్లలు బల్లలు చరిచారు. అంత సంతోషం నాకు చాలా రోజుల తర్వాత కలిగింది.

అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేక ఒకరోజు అచ్చం నీ జువ్వనే కట్టాను. పైన మందు గొట్టం, కింద వెదురంత సన్నటి దూలం, పద్దెనిమిది మూరలు. సూదిలా దూసుకుపోయింది. తర్వాత ఆ తోకని మూడు మూరలు తగ్గించాను. లేవడం బాగానే లేచింది. మందు కాలేకొద్దీ తల తేలికై, పసుపు గుండు వెనక్కి జారుతూ జారుతూ నీలాన్ని దాటిపోయింది. ఒక్కసారి వణికి, తలకిందులై, మండుతూనే నేల మీదికి వచ్చింది.

ఆ రోజు వానల పండగ పోటీలో నీ జువ్వ వచ్చినట్టే. చెరుకురసం బండి దగ్గర నిలబడ్డ తావీ ఛాతీలో దిగాక కూడా మందు మండుతూనే ఉంది. వాడి కేక ఆగాక కూడా మండింది. జువ్వ తుస్సుమంటే కట్టినవాణ్ణి బురదలో పడేసి నవ్వడం మన ఆచారం. నిన్నూ బురదలోకే ఈడ్చారు, ఎవరూ నవ్వలేదు. వెదురు కర్రలు విరిగేదాకా కొట్టారు. ప్రయూన్ నీ తల బురదలో అదిమి పట్టుకున్నాడు. నేను ఇరవై అడుగుల దూరంలో నిలబడి నోరు తెరవలేదు.

ప్రయూన్ ఇప్పుడు మా బడి వ్యాను నడుపుతున్నాడు. పోయిన మంగళవారం తాళాలివ్వడానికి వచ్చి, తెర మీద జువ్వ తిరగబడడం చూశాడు.

"అది మీ అన్నది కదూ?"

"అవును."

"మళ్ళీ ఎగరెయ్."

తొమ్మిదిసార్లు ఎగరేయించాడు. అది నేలని గుద్దినప్పుడల్లా అతని భుజం ఎగిరిపడేది.

"తిన్నగా పోయేదే లేదా?" అన్నాడు.

మూడు మూరలు తగ్గితేనే తిరగబడుతుందని చెప్పి, తోక పూర్తిగా పెట్టి ఎగరేశాను. అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

"మరి ఆ మూడు మూరలూ ఎవడు కోశాడు? మీ అన్నేనా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "నేనే కోశాను" అన్నాను.

అన్నయ్యా, ఆ రోజు జువ్వని పోటీకి మోసుకెళ్తుంటే కాలువ వంతెన మలుపులో తోక రాతికి కొట్టుకుని చివర చీలింది. నువ్వు గుళ్ళో భిక్షువు చేత చేతికి దారం కట్టించుకుంటున్నావు. చెబితే పోటీకి వద్దంటావని, చీలిన మేర రంపంతో కోసి రంగు కాగితం చుట్టేశాను. తర్వాత అది కాలి బూడిదైంది, ఎవరూ కొలవలేదు. మందు కూరడంలో నీ అజాగ్రత్త అని కోర్టు అంది. నేనూ మందేనని నాకు నేను చెప్పుకున్నాను. ఆట ఆ మాట కూడా మిగల్చలేదు.

ప్రయూన్ కుర్చీ ఎత్తి తెరని పగలగొట్టాడు. "రెండేళ్ళు మా అమ్మ చేతి నీళ్ళు తాగావు కదే! ఎలా దిగాయే గొంతులోకి?" అంటూ రెండో దెబ్బ నా తల మీదికి విసిరాడు. చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. కింద పడితే కడుపులో తన్నాడు. అడ్డొచ్చిన నిపా టీచర్ పెదవి చిట్లింది. చంపేస్తాడనుకున్నాను. చంపినా సరేననుకున్నాను. ఉన్నట్టుండి గాజుపెంకుల మీదే కూలబడి, రక్తం కారే చేతులు చూసుకుంటూ ఏడ్చాడు.

నన్ను ఆసుపత్రికి వ్యానులో తీసుకెళ్ళింది కూడా అతనే. దారిలో ఒక్క మాటన్నాడు. "రెండేళ్ళు మీ అన్న చావాలని మొక్కాను. ఇప్పుడు నువ్వు చావాలని మళ్ళీ మొదట్నుంచీ మొక్కాలి. నాకు ఓపిక లేదే."

నిన్న పోలీసు స్టేషనుకి వెళ్ళి అంతా రాయించాను. నన్ను కొట్టిన సంగతి ప్రయూనే చెప్పి సంతకం పెట్టాడు. నామీద కేసు కడతారట. అమ్మకి చెప్పాను. రెండు పూటలు నా మొహం చూడలేదు, మూడో పూట అన్నం పెట్టింది.

వాళ్ళు త్వరలో నీ దగ్గరికి వచ్చి తోక ఎవరు కోశారని అడుగుతారు. నన్ను తప్పించాలని నువ్వు "నేనే" అంటావు. నీ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు నేను పాకకి నిప్పంటిస్తే నాన్న దెబ్బలన్నీ నువ్వే తిన్నావు. ఈసారి వద్దన్నయ్యా. నిజం చెప్పి ఇంటికి రా.

ఇట్లు,
నీకు రెండేళ్ళు బాకీపడ్డ చెల్లెలు
పికున్