విమానం రేకు మోసే బరువు

ఆదివారం రాత్రి, బోధన్

దేవా, ఎంత సంతోషం! ఈరోజు చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. మా మార్తకు హైదరాబాద్ విమానాల కంపెనీలో పని పర్మనెంట్ అయిందని చెప్పాను. అంతటితో ఆగొచ్చు కదా! "వడ్ల లారీ మీద టార్పాలిన్ కప్పినట్టు, నా బిడ్డ విమానానికి పైరేకు కప్పుతది" అన్నాను. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఫోన్‌లో చెబితే మార్త పడీపడీ నవ్వింది.

"అయ్యో బాపూ, గది ఉత్త కప్పు కాదు! లోపలి పట్టీలకు రేకును రివిట్లతోని బిగిస్తం. రెక్క మెలి తిరగకుంట ఆపేది గా రేకే. పట్టీలొక్కటే బరువు మొయ్యలేవు."

"గంత పల్సటి రేకా, బిడ్డా?"

"గంత పల్సటిదే!"

నా ఒళ్ళు పులకరించింది. ఈ మాట ఎవరికైనా చెప్పాలి. దాని తల్లి బతికి ఉంటే గల్లీ అంతా చాటేది. ఆమె పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నా మాటకు బదులు పలికేవారు లేరు. పక్కింటికి పోయాను. వాళ్ళు కోటగిరి పోయారట, తాళం వేసి ఉంది. వచ్చే ఆదివారం దాకా ఎట్లా ఆగేది?

చివరికి మళ్ళీ మార్తకే ఫోన్ చేశాను. "బిడ్డా, విమానం బరువు రేకు సుత మోస్తదట, ఎరికేనా?"

ఈసారి అది నవ్వలేదు. "అవునా బాపూ? ఎట్ల మోస్తది, చెప్పు" అన్నది.

మొత్తం చెప్పాను.