ఎడమ చెవి

నాన్నా,

ఈ ఉత్తరం నీకు తమ్ముడే చదివి వినిపిస్తాడు. ఒరే తమ్ముడూ, ఒక్క ముక్క దాటేసినా నా మీద ఒట్టే. నీ గురించి వచ్చినచోట కూడా ఆగకుండా చదువు.

నా కనుబొమ్మ మీద ఐదు కుట్లు పడ్డాయి. కంగారుపడకు, కన్ను బాగానే ఉంది. నిన్న పొద్దున్న మా పిల్లల వార్డుకి ఒక తండ్రి ఏడేళ్ళ కొడుకుని తెచ్చాడు. చెయ్యి విరిగింది. "మెట్ల మీంచి పడ్డాడు సిస్టర్" అన్నాడు. బిడ్డని తల నుంచి పాదం దాకా చూడమన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. చొక్కా విప్పాను. వీపంతా వాతలు. బెల్టు బకిల్ తగిలినచోట తోలు లేచి చీము పట్టింది. చెయ్యి వేలాడుతున్నా ఆ పిల్లాడికి కుదురు లేదు. నా గడియారం లాగుతున్నాడు, మంచం దిగిపోతున్నాడు, ఫ్యాన్‌కి రెక్కలెన్నని అడుగుతున్నాడు. "చూశారా? దెయ్యం పట్టింది వీడికి. దెబ్బకి గానీ వదలదు" అంటూ తండ్రి నా కళ్ళముందే వాడి చెంప పగలగొట్టాడు. రెండో దెబ్బకి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఒక్క తోపు తోశాడు. ఇనప మంచం అంచు కనుబొమ్మకి తగిలింది. రక్తం కంట్లోకి కారుతుంటే నాకు ఆ మనిషి మొహం కనపడలేదు నాన్నా. నీ మొహం కనపడింది.

మన పిండిమర గదిలో, తలుపు వెనక మేకుకి పాత మర బెల్టు ముక్క వేలాడేది. తమ్ముడి బడి నుంచి చీటీ వచ్చిన రోజు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి "చదువు చదువులమ్మా" అనేవాడివి. ఇంట్లో అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనే కదా. "కుదురుగా కూర్చోడు. చెప్పింది వినడు. పెన్సిళ్ళు పోగొడతాడు." రేడియోలో వార్తలు చదివినట్టు చదివేదాన్ని. నువ్వు మెచ్చుకుంటావని, కష్టమైన మాటకి అర్థం కూడా చెప్పేదాన్ని. చదవడం అవగానే బెల్టు మేకు దిగేది. మర మోతలో వాడి కేకలు పక్కింటికి కూడా వినపడేవి కావు. ఒక్క చీటీకైనా "అంతా బాగుంది" అని అబద్ధం చదవాలని నాకు తట్టలేదు. చివరి చీటీ రోజు బెల్టు వాడి ఎడమ చెవి మీద పడింది. రక్తం మెడ మీది పిండిలో కలిసి ముద్దలు కట్టింది. డాక్టరుతో "గోడ మీంచి పడ్డాడు" అన్నది నేనే, నువ్వు చెప్పమన్నావు కనుక. ఆ చెవి మళ్ళీ వినలేదు.

తమ్ముడిది పొగరు కాదు నాన్నా. మనసు ఒకచోట నిలవని జబ్బది. దానికి వైద్యం ఉంది. అలాంటి పిల్లలకి ఒక్కసారికి ఒక్క మాటే, కళ్ళలోకి చూసి చెప్పాలి. ఇప్పుడు తమ్ముడి కూతురు, మన ఆరేళ్ళ బొంగరం, అచ్చం వాడిలాగే తిరుగుతోంది. మొన్న నేనక్కడికి వచ్చినప్పుడు స్నానం చేయిస్తూ దాని పిక్కల మీద రెండు వాతలు చూశాను. అడిగితే "పడ్డాను అత్తా" అంది. ఆ మేకూ ఆ బెల్టూ ఇంకా అక్కడే ఉన్నాయి. నిన్న వార్డుకొచ్చిన ఆ తండ్రి మీద పోలీసులకి రాసిచ్చాను. గురువారంలోగా బొంగరాన్ని నా దగ్గరికి పంపకపోతే నీ మీదా రాసిస్తాను. ఈసారి గోడ మీంచి పడిందని చెప్పను.

నీ చదువులమ్మ


అక్కా,

ఒక్క ముక్క దాటేయలేదు. కాకపోతే ముందు నేనొక్కణ్ణే చదువుకుని మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను.

నిన్న మర ఆపించి నాన్నకి చదివాను. పోలీసుల మాట వచ్చేసరికి "రాయమను" అన్నాడు. "నేను కొట్టింది నిన్ను. దాని మీద చెయ్యి వెయ్యలేదు. అయినా రాయమను." నాన్న చెప్పింది నిజం అక్కా. ఆ వాతలు నావి.

ఆ రోజు దాన్ని మూడుసార్లు పిలిచాను. పలకలేదు. చెప్పింది వినదనుకుని నడుముకున్న బెల్టు లాగాను. రెండు పడ్డాక మా ఆవిడ అడ్డం పడి అరిచింది: "మూడుసార్లూ పలికింది కదయ్యా! నీ ఎడమ పక్కనే నిలబడి పలికింది!"

ఇదంతా నాన్నకి చెప్పాను. లేచి పట్టకారుతో మేకు పీకాడు. గోడ పెచ్చు ఊడొచ్చింది. పాత బెల్టుని దుంగ మీద పెట్టి గొడ్డలితో నరికాడు. తర్వాత నా వైపు చెయ్యి చాచి "నీదీ ఇయ్యరా" అన్నాడు. విప్పి ఇచ్చాను. దాన్నీ నరుకుతుంటే గురి తప్పి గొడ్డలి తన బొటనవేలికే తగిలింది. రక్తం కారుతున్నా ఆపలేదు. నేనూ మా ఆవిడా బిగుసుకుపోయాం. బొంగరం మాత్రం దగ్గరికెళ్ళి "తాతా, ఎన్ని ముక్కలయ్యాయి?" అంది. లెక్కపెట్టమన్నాడు. పంతొమ్మిది దాకా కదలకుండా కూర్చుని లెక్కపెట్టింది.

దాన్ని పంపను అక్కా, నేనే తీసుకొస్తాను. గురువారం పొద్దుటి బస్సుకి. ఆ జబ్బు చూసే డాక్టరుకి దానితోపాటు నన్నూ చూపించు. పోలీసులకి రాయాలనుకుంటే నా పేరు రాయి. ప్యాంటుకి పురికొస కట్టుకుని దిగుతాను. నవ్వితే నవ్వు గానీ, కుడి పక్కన నిలబడి నవ్వు.

నీ తమ్ముడు