నాలుగు నవరంగ్ పిట్టలు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైతున్నది. పోయిన చలికాలం ఎల్లారెడ్డి అడివిల వాగు పొంటి మనిద్దరం ఎంత తిరిగినా ఒక్క నవరంగ్ పిట్టనే కనబడ్డది. "ఇగ ఇదే ఆఖరుదేమో చెల్లె" అన్నవు. ఈసారి అదే వాగు పొదలల్ల నాలుగు కనబడ్డయి. ఉరికొచ్చి వదినకు చెప్పిన. నువ్వు పోయినంక ఆమె నవ్వుడు గప్పుడే చూసిన. "మీ అన్న ఉంటే అన్నం తినకుండ ఉరుకుతుండె" అన్నది.

నిన్న కామారెడ్డికి పోతుంటే బస్సులకెల్లి చూసిన. అవతలి గుట్ట మీద అడివంత కొట్టేసిన్రు. పిట్టలు పెరగలే అన్నా, అక్కడ ఉండ జాగ లేక ఇక్కడికొచ్చినయి. మన వాగు పక్క చెట్లకు గూడ కొట్టేసేతందుకు ఎర్రరంగు గుర్తులు పెట్టిన్రు.

వదినకు చెప్ప నోరు రాలే. రేపు తను గూడ చూడనీకి వస్తదట. పొద్దుగాల్లనే లేపుమన్నది.