పెదవులూ మాటా కలిశాయి

అన్నయ్యా,

ఇక్కడ అందరం కులాసా. ఫోన్లోనే చెప్పొచ్చు గానీ, కార్డైతే ఏం రాశానో తనూ చదువుకోవచ్చని నాన్న పట్టుబట్టి రాయిస్తున్నారు.

ముందు నీకో దణ్ణం. నువ్వు చెప్పినట్టే చేశాను, కంప్యూటర్లో టీవీ బాగా వస్తోంది. బొమ్మనూ శబ్దాన్నీ విప్పి అందించే డీకోడర్ ప్రోగ్రాములు, ఎందుకైనా మంచిదని దొరికినవన్నీ ఎక్కించేశాను కదా, అవి ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడ్డాయి. వార్తలు చదివే అమ్మాయి నోరు మూశాక మాట వినిపించేది. మేం సర్దుకుపోయాం. నాన్నకే కుదరలేదు. ఆయన సగం చెవులతో, సగం ఎదుటివాళ్ల పెదవులతో వింటారాయె! "ఇక నా చెవులు పూర్తిగా పోయాయమ్మా" అని టీవీ ముందు కూర్చోవడమే మానేశారు.

నిన్న అన్నీ తీసేసి, బొమ్మకు ఒకటి, శబ్దానికి ఒకటి ఉంచాను. ఏవి ఉంచాలో తేల్చింది నాన్నే. నేను మారుస్తుంటే తెర దగ్గర కూర్చుని, "ఊహూఁ, మాట వెనకబడింది" అంటూ వచ్చి, చివరికి "ఆఁ, ఇక దీన్ని కదపకు" అన్నారు. సాయంత్రం హాస్యనాటికకు మాతోపాటే నవ్వారు, మా మొహాలు చూసి కాదు. అమ్మ టీవీ వదిలేసి ఆయన్నే చూస్తూ కూర్చుంది.

వదిన నడుంనొప్పి తగ్గిందా? అమ్మ అక్కడ మరిచిపోయిన శాలువా ఎవరైనా ఇటు వస్తే పంపు. నాన్న మీ ఇద్దరికీ ఆశీస్సులు చెప్పమన్నారు. ఇంకోటి కూడా రాయమన్నారు: ఈసారి వీడియోలో మాట్లాడేముందు ఆ మీసం కాస్త కత్తిరించుకోవాలట. అది పెంచినప్పటి నుంచీ నువ్వేమన్నా ఆయన ఊరికే తలూపుతున్నారట.

నీ చెల్లి